నీలంజుట్టు పిల్ల ఎవరి మనవరాలు

లీసెస్టర్,
నవంబరు 2002

వదినగారికి,

మీ వియ్యపురాలు సత్యమ్మ చెప్పగా కోడలు రత్నకుమారి రాస్తున్నది. దండాలు, క్షేమసమాచారాలు చివర్లో పెట్టిస్తాను. ముందు తగాదా.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అడుగుతారేమో. ఫోనులో నేను రెండు మాటలు అనేసరికి "సరిగ్గ వినిపిస్తలేదు వదినా" అని పెట్టేస్తున్నారు. నా గొంతు వినిపించడం లేదన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. నాకు అక్షరం ముక్క రాదు గాని న్యాయం ఎటుందో చెప్పడం వచ్చు.

కేసు మొదటినుంచి చెబుతాను. మీ అబ్బాయి అమరేందర్, అంటే మా అల్లుడుగారు, ఆఫీసు పని మీద జపాన్ వెళ్ళి వచ్చేటప్పుడు మన సహస్రకి ఒక బొమ్మల సినిమా సీడీ తెచ్చారు. నక్షత్రాల మధ్య ఓడలేసుకుని తిరిగే దొంగల సినిమా. అంతా జపాన్ మాటలే. ఆరేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? మిల్టన్ కీన్స్ నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని బ్యాగులో పెట్టుకొచ్చి, "అమ్మమ్మా, స్టోరీ చెప్పు" అంది.

ఇంగ్లీషయినా జపాన్ అయినా నాకు ఒకటే. అందుకని నేను మొహాలు చూసి చెప్పాను. ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకున్న ఎర్రజుట్టు ఆవిడ, ఆ నీలంజుట్టు పిల్లకి అమ్మమ్మ. ఇనపచెయ్యి ఉన్న తెల్లజుట్టు ఆవిడ, పిల్లని ఎత్తుకుపోవాలని కాచుకున్న దొంగ. పిల్ల నోరు తెరుచుకుని వింది. అన్నం కూడా మారు మాట్లాడకుండా తింది.

తర్వాత హాఫ్ టర్మ్ సెలవులకి మీ కార్డిఫ్ వచ్చింది. మీరు కథ తల్లకిందులు చేసి పంపారు. తెల్లజుట్టు ఆవిడ నానమ్మట, ఎర్రజుట్టుది దొంగట. ఇప్పుడు పిల్ల వాళ్ళమ్మతో, "అమ్మమ్మ లైస్ చెప్తుంది, బేబీ వచ్చినప్పుడు నానమ్మనే పిలుద్దాం" అంటోందట.

ఇదీ నా ఫిర్యాదు. ఫిబ్రవరిలో మా జ్యోతికి పురుడు. ఇల్లు చిన్నది, పెద్దవాళ్ళు ఒక్కరే రండి, ఎవరో మీరే తేల్చుకోండి అని అల్లుడుగారు అన్నారు. సహస్ర పోయిన పుట్టినరోజున మనిద్దరం ఒకే వంటింట్లో రెండు గిన్నెల్లో రెండు పులిహోరలు కలిపిన సంగతి ఆయన మరిచిపోలేదు. ఆ వచ్చే ఒక్కరూ నేనే. కన్న కూతురికి పురుడు పోసేది తల్లి. దానికోసం నన్ను పిల్ల ముందు అబద్ధాలకోరుని చేస్తే ఊరుకోను.

సత్యమ్మ వేలిముద్ర

(రత్నకుమారి: అత్తయ్యగారు వేలిముద్ర వేస్తానంటే ఇంట్లో సిరా లేక లిప్‌స్టిక్ ఇచ్చాను, పిన్నిగారూ. క్షమించండి.)

కార్డిఫ్,
నవంబరు 2002

వదినగారూ,

మీ ఉత్తరం చేరింది. చివరిదాకా చదివాను. దండాలు చివర్లో అన్నారు, పెట్టలేదు. నేను ముందే పెడుతున్నాను. నమస్కారం.

మీరు అబద్ధం చెప్పారని నేను అనలేదు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సహస్ర నా ఒళ్ళో కూర్చుని సినిమా చూస్తున్నది. "గా ఎర్రజుట్టుది దొంగ బిడ్డా, మొఖం చూస్తెనే తెలుస్తలేదా?" అన్నాను.

"బట్ నానమ్మా, షి ఈజ్ ద అమ్మమ్మ."

"ఎవరు చెప్పిన్రు?"

"అమ్మమ్మ."

"మీ అమ్మమ్మ కండ్లద్దాలు పెట్టుకోకుంట చూసుంటది."

నేనన్నది ఇంతే. అప్పుడు పిల్ల లేచి, నడుము మీద చేతులు పెట్టుకుని, మీలో ఒకరు కట్టుకథ చెప్తున్నారని ఇంగ్లీషులో అన్నది. అచ్చం మీలాగే నిలబడింది.

ఇక పురుడు సంగతి. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది. సహస్ర పుట్టినప్పుడు మీరు వచ్చారు, నేను అడ్డం పడలేదు. రెండోది అత్తగారి వంతు. మా దిక్కు ఇదే పద్ధతి. మీ దిక్కున కూడా ఇదేనని రత్నకుమారి నాకు ఫోనులో చెప్పింది. (రత్నా, ఈ మాట దాటేయకుండా చదివి వినిపించు తల్లీ.)

అయినా పంతానికి పోను. నా బిడ్డ పుష్పలీల పనిచేసే ఆస్పత్రిలో పిల్లల డాక్టరు ఒకామె ఉన్నది, జపాన్ మనిషి. ఆమెకు సినిమా చూపిద్దాం. ఎవరి కథ సరైనదని ఆమె చెప్తే వాళ్ళు పురుటికి పోవాలి. ఓడినవాళ్ళు తమ ఇంట్లో కూర్చుని చిన్నబట్టలు కుట్టి పంపాలి. ఒప్పుకుంటారా?

మీ
లక్ష్మీబాయి

లీసెస్టర్,
డిసెంబరు 2002

వదినగారికి,

ఒప్పుకున్నాను. రత్నకుమారి సంగతి తర్వాత చూసుకుంటాను. ఈ ముక్క కూడా తనచేతే రాయిస్తున్నాను.

కాని ఆ డాక్టరమ్మ మీ అమ్మాయి పక్కన పనిచేసే మనిషి. మొహమాటానికి మీ వైపు చెప్పకూడదు కదా? అందుకని నా సాక్ష్యాలు ముందే రాయించి పంపుతున్నాను. ఆవిడకి చదివి వినిపించండి.

ఎర్రజుట్టు ఆవిడ పిల్లకి గిన్నెలో చారులాంటిదేదో ఇచ్చే ముందు తాను ఒక గుక్క తాగి చూస్తుంది. ఉప్పు సరిపోయిందో, వేడి చల్లారిందో చూసి ఇచ్చేది అమ్మమ్మ కాకపోతే ఎవరు? దొంగకి ఆ శ్రద్ధ ఎక్కడిది? మీ తెల్లజుట్టు ఆవిడేమో ఒకచోట పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడి నుదురు నేలకి ఆనిస్తుంది. పెద్దది చిన్నదానికి దండం పెట్టడం ఎక్కడైనా చూశామా? తప్పు చేసింది గనకే పెట్టింది. నానమ్మ అయితే మనవరాలి కాళ్ళ మీద పడుతుందా? మీరు పడతారా?

ఒకటి మాత్రం ఇద్దరికీ మార్కు వేస్తాను. ఎంత దొంగలైనా ఓడలో లోపలి గదికి వెళ్ళేటప్పుడు బూట్లు గుమ్మంలో విడిచి వెళతారు. మా పక్కింటి దొర బురద బూట్లతో మంచమెక్కుతాడని వాళ్ళావిడే చెప్పింది. ఆ లెక్కన దొంగలే నయం.

మొన్న అల్లుడుగారిని కూడా నిలదీశాను. "జపాన్‌లో అన్నాళ్ళు ఉన్నారు కదా బాబూ, మీరు చెప్పండి, ఎర్రజుట్టా, తెల్లజుట్టా?" అన్నాను. "నాకు స్టేషన్ల పేర్లు తప్ప ఏం రావత్తమ్మా" అన్నారు. వచ్చే ఉంటుంది. ఇటు పెళ్ళాం తల్లి, అటు కన్నతల్లి, మధ్యలో ఉన్నవాళ్ళకి భాష రాకపోవడమే మంచిది.

క్రిస్మస్ సెలవులకి పిల్ల మీ దగ్గరికి వస్తోంది. సీడీ కూడా వస్తుంది. తొందరగా తీర్పు చెప్పించండి. శొంఠి, వెల్లుల్లి తెప్పించి కారం కొట్టడం నేను అప్పుడే మొదలుపెట్టాను.

సత్యమ్మ

(రత్నకుమారి: దండాలు గుర్తుచేశాను. "గెలిచాక" అన్నారు.)

కార్డిఫ్,
జనవరి 2003

ప్రియమైన వదినగారికి నమస్కరించి,

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ రోజూ వాన. లీసెస్టర్‌లో చలి ఎక్కువని టీవీలో చెప్పారు, మెడకు మఫ్లర్ కట్టుకుని తిరగండి. మీ మోకాళ్ళకు నువ్వులనూనె పంపుతున్నాను. పొద్దున మర్దన చేసుకుని వేడినీళ్ళు పోసుకోండి.

డాక్టరమ్మకు ఈ నెల డ్యూటీల రోటా సరిగ్గా కుదరలేదట. సినిమా ఇంకా చూడలేదు. చూసినంక రాస్తాను, తొందరేం లేదు.

సహస్ర సెలవుల్లో మీ గురించే చెప్పింది. మీరు చెప్పే కథలో ఎర్రజుట్టు ఆమె పోలీసుల్ని తిట్టే తిట్లు బాగుంటాయట. నన్ను కూడా అట్లనే తిట్టమన్నది. నాకు చేతకాలేదు.

మీ
లక్ష్మీబాయి

లీసెస్టర్,
ఫిబ్రవరి 2003

వదినగారికి,

మీ ఉత్తరం చదివించుకున్నాక నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. మీరు నన్ను "ప్రియమైన" అన్నారు. నూనె పంపారు. నా తిట్లు మెచ్చుకున్నారు. మన పిల్లల పెళ్ళయినప్పటినుంచి మీరు ఇంత తియ్యగా మాట్లాడింది లేదు. ఎక్కడో ఏదో జరిగింది.

డాక్టరమ్మ సినిమా చూసేసింది. తీర్పు నావైపు వచ్చింది. అందుకే మీరు రోటా అంటున్నారు, వాన అంటున్నారు. రోటా ఏమైనా ఏడాది పొడుగునా తిరిగే చక్రమా? ఉన్నమాట రాయండి. ఓడిపోవడం తప్పు కాదు, దాచడం తప్పు.

నన్ను చూసి నేర్చుకోండి. తీర్పు వచ్చేదాకా కదలనని మాటిచ్చాను, మాట మీద ఉన్నాను. లీసెస్టర్‌లో మా అబ్బాయి విజయభాస్కర్ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయే బస్సులు చూసుకుంటున్నాను. మిల్టన్ కీన్స్ వైపు తల కూడా తిప్పలేదు.

సత్యమ్మ

కార్డిఫ్,
ఫిబ్రవరి 2003

వదినగారూ,

ఈ ఉత్తరం లీసెస్టర్‌కి వేయడం లేదు. నేరుగా మిల్టన్ కీన్స్‌లో మా కొడుకు ఇంటికే వేస్తున్నాను. మీరు అక్కడే ఉన్నారు కదా.

మీ ఉత్తరం పైన లీసెస్టర్ అని ఉన్నది. బస్సులు ఉన్నాయి, కిటికీ ఉన్నది. కాని అక్షరాలు రత్నకుమారివి కావు. మా కోడలు జ్యోతివి. ఆ పిల్ల పెళ్ళయిన కొత్తలో నాకు వారం వారం ఉత్తరం రాసేది. "కిటికీ" రాసినప్పుడు గుడి చుట్టే తీరు నాకు తెలియదా? మీరు చెప్తుంటే నవ్వు ఆపుకోలేక రాసినట్టున్నది, రెండు చోట్ల కలం జారింది.

మీరు ముందే పోయి చిన్నగదిలో మంచమేసుకున్నారు. నేను ముందే తీర్పు విని దాచుకున్నాను. చెల్లుకు చెల్లు. ఇప్పుడు చెప్తాను.

డాక్టరమ్మ పోయిన నెలలోనే ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. మేమేమీ అనకముందే గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చింది. మీరే గుర్తొచ్చారు. సకినాలు పెట్టాను, చప్పుడు కాకుండా ఎట్లా తినాలో తెలియక ఇబ్బంది పడ్డది. సహస్ర ఇక్కడే వదిలిపోయిన సీడీ పెట్టాం. మధ్యమధ్యలో పుష్పలీల నాకు తెలుగులో చెప్తున్నది. సగం కాగానే నేను ఆగలేక, "ఇద్దరిలో ఓడ ఎవరిదో అడుగు బిడ్డా, తెల్లజుట్టుదా, ఎర్రజుట్టుదా?" అన్నాను.

పుష్పలీల అడిగింది. డాక్టరమ్మ తెరవైపు చూసింది, నావైపు చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓడలో కుర్చీలు ఎన్ని ఉన్నాయో మీ అమ్మను చూడమనండి" అన్నది.

చూశాను. ఒక్కటే కుర్చీ. ఆ నీలంజుట్టు పిల్ల కూర్చునేది. కాళ్ళు నేలకు అందక ఊపుతుంటది చూడండి, అదే.

వదినా, ఆ పిల్లే కెప్టెన్. పోలీసు ఓడలు ఎవరి పేరు చెప్తే వెనక్కి తిరుగుతాయో, ఆ గజదొంగ ఆ పిల్లే. మీ ఎర్రజుట్టూ నా తెల్లజుట్టూ ఆమె దగ్గర కొలువు చేసే మనుషులు. చారు తాగి చూసేది ఉప్పు కోసం కాదు, కెప్టెన్‌కు ఎవరన్నా విషం పెట్టారేమోనని. నుదురు నేలకానించేది తప్పు చేసి కాదు, ఆజ్ఞ తీసుకుని. సినిమా పొడుగునా ఇద్దరూ కొట్లాడుకునేది పిల్లను ఎవరు తీసుకుపోవాలని కాదు. ఆమె కుడిపక్క ఎవరు నిలబడాలని.

మనిద్దరికీ ఇది తట్టలేదు. అంత చిన్నపిల్లను చూడగానే ఎవరి మనవరాలా అని వెతికాం. ఆమెది ఆమెకే ఒక ఓడ ఉంటదని అనుకోలేదు.

చివర్లో ఆ పిల్ల కుర్చీ దిగి ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టుకుని ఒక మాట అంటది. ఏమన్నదని అడిగాను. "నాకు రెండు పక్కలున్నాయి" అన్నదట.

అందుకే దాచాను వదినా. నేను గెలిస్తే ఆ రోజే రాసేదాన్ని. మీరు గెలిస్తే వారం పదిరోజులు ఏడ్చి రాసేదాన్ని. ఇద్దరం ఓడితే ఏం రాయాలో తెలియలేదు. తీర్పు ప్రకారం ఇద్దరం ఇంట్లో కూర్చుని చిన్నబట్టలు కుట్టాలి. నాకు కుట్టు రాదు.

మీ
లక్ష్మీబాయి

మిల్టన్ కీన్స్,
ఫిబ్రవరి 2003

వదినగారికి,

అక్షరాలకి కూడా మొహాలుంటాయని నాకెవరూ చెప్పలేదు. జ్యోతి చెప్పలేదు, పైగా పళ్ళికిలిస్తూ రాసింది. ఇప్పుడూ అదే రాస్తోంది. సరే, దొరికిపోయాను. కన్నతల్లిని, ఉండబట్టలేక వచ్చాను. ఇందులో వాదించేదేమీ లేదు.

మీ ఉత్తరం చదివి వినిపించగానే సహస్రని పిలిచాను. "మేమిద్దరం తప్పు చెప్పామే. ఆ నీలంజుట్టు పిల్లే కెప్టెనట" అన్నాను.

కథ పాడైపోయిందని ఏడుస్తుందేమోనని భయపడ్డాను. పిల్ల లేచి వెళ్ళి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి లాక్కొచ్చి హాలు మధ్యలో వేసింది. ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు.

"బోత్ ఆఫ్ యూ ఆర్ కమింగ్" అంది.

అల్లుడుగారు లేచి, "అట్ల కాదు బేటా, చిన్నగదిలో ఒక్కరే పడతరు, ఇల్లు..." అన్నారు.

"డాడీ, క్వైట్. యూ ఆర్ ఇన్ ద కిచెన్."

ఆయన నిజంగానే వంటింట్లోకి వెళ్ళిపోయారు. జ్యోతి పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నొప్పులొస్తాయేమోనని నేను తిట్టాను.

చిన్నగదిలో ఉయ్యాల, బట్టలు పెట్టుకోవాలట. మనిద్దరం కెప్టెన్ గదిలో పడుకోవాలట. అక్కడ మెట్లెక్కే మంచం ఉంది కదా, రైలు బెర్తుల్లాగా పైన ఒకటి, కింద ఒకటి. కెప్టెన్ నేల మీద పరుపేసుకుంటుందట, దొంగలు అలాగే పడుకుంటారట. వెంటనే బయల్దేరి రండి.

కింది మంచం నాది. ముందొచ్చింది నేను.

సత్యమ్మ

కార్డిఫ్,
ఫిబ్రవరి 2003

వదినగారూ,

శనివారం వస్తున్నాను. పుష్పలీల కారులో దింపుతుంది. మీరు శొంఠికారం కొట్టారు కాబట్టి నేను బాలింతకు పెట్టే కాయం మాత్రమే తెస్తున్నాను, ఈసారి రెండు గిన్నెలు వద్దు.

కింది మంచం మాత్రం నాది. నా ఎడమ మోకాలు సంగతి ఆస్పత్రి వాళ్ళకు కూడా తెలుసు. మీరు నాకంటే గట్టి మనిషి, నిచ్చెన మీకొక లెక్కా? ఒప్పుకోకపోతే కెప్టెన్ దగ్గరే పంచాయితీ పెడదాం.

మీ
లక్ష్మీబాయి

మిల్టన్ కీన్స్,
ఏప్రిల్ 2003

వదినగారికి,

నాలుగు రోజుల్లో వస్తానని పుష్పలీల ఇంటికి వెళ్ళారు. రెండు వారాలయింది. ఇది మళ్ళీ కేసు.

ఇక్కడ మీరు లేక ఏమేం జరుగుతున్నదో చెబుతాను. నిన్న తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసి సాంబ్రాణి వేశాను. మీరుంటే తలుపు తెరిచి తువ్వాలుతో విసిరేవారు. నేనొక్కదాన్నీ పొయ్యి చూడనా, పొగ చూడనా? పైకప్పుకి తగిలించిన అలారం కూత పెట్టింది. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఆవిడకి సైగలతో అంతా చెప్పేసరికి ఉయ్యాల దగ్గరికొచ్చి తానూ ఇంత పొగ పట్టించుకుని వెళ్ళింది. చిన్నవాడు ఇంత గోలలోనూ కన్ను తెరవలేదు. మీ వైపు పోలిక.

మంచం పంచాయితీలో నాకు జరిగిన అన్యాయం ఇంకా మరిచిపోలేదు. ఎవరి మోకాళ్ళు గట్టివైతే వాళ్ళు పైకెక్కాలని కెప్టెన్ అంది. గొంతుక్కూర్చుని లేవమంది. మీరు సగంలోనే "అబ్బా" అని సోఫా పట్టుకున్నారు. నాకు పంతమొచ్చి చకచకా కూర్చుని లేచాను, చప్పట్లు కొట్టించుకున్నాను, పై మంచం నా నెత్తిన పడింది. ఆ "అబ్బా" నిజమైనదేనా అని నాకు అప్పుడే అనుమానం. మీరు వెళ్ళిన మర్నాడు కింది మంచంలో పడుకుందామని చూశాను. కెప్టెన్ ఒప్పుకోలేదు. అది నానమ్మదట, ఎవరి చోటు వారిదేనట.

అసలు సంగతి ఇది. సహస్రకి జపాన్ కథ నచ్చలేదు. "దట్స్ ద రాంగ్ వన్" అంటుంది. ఇప్పుడు సౌండు తీసేసి చూస్తోంది. కెప్టెన్ మాటలు తను చెబుతుంది. ఎర్రజుట్టుకి మాట నేను చెప్పాలి. పోలీసు ఓడలు కనబడగానే నేను మొదలుపెడితే జ్యోతి పిల్లాడి చెవులు మూస్తోంది. అల్లుడుగారు పోలీసుల గొంతు పట్టుకున్నారు. ఆయన తిట్లు తినడంలో నాకంటే అనుభవం ఉన్న మనిషి, బాగానే చేస్తున్నారు.

తెల్లజుట్టు ఆవిడకి మాత్రం ఎవరూ లేరు. నేను చెప్పబోతే పిల్ల చెయ్యెత్తి ఆపింది. "నో. షి ఈజ్ నానమ్మ" అంది. అందుకని ఆవిడ వచ్చినప్పుడల్లా మేమంతా నోళ్ళు మూసుకుని తెర చూస్తూ కూర్చుంటున్నాం. ఎర్రజుట్టు ఇంత నోరు చేసుకుని తగాదా పడుతుంటే, అవతల ఆవిడ పెదవులాడించి ఊరుకుంటుంది. ఏం బావుంటుంది వదినా? నేను ఎవరితో కొట్లాడను?

శనివారానికల్లా రండి. ఈ రెండు ముక్కలు నేను అనలేదు, కెప్టెన్ ఆజ్ఞ.

దండాలు ఈసారి పెడదామనే అనుకున్నాను. మీరొచ్చాక గుమ్మంలోనే పెడతాను. చెప్పులు విడిచి లోపలికి రండి.

సత్యమ్మ